బోడగుండు పురుగుకు జమానత్

బోధన్‌లో ఉమారాణి మాట నమ్మేవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. అందులోనూ బొటనవేలు మిగిలిపోతుంది. తప్పు జనానిది కాదు. లింబాద్రి గుట్ట జాతరలో తాను ఒక రెక్కల పురుగును చూశాననీ, అది ఎంత పెద్దదంటే భీమ్‌గల్‌లో దుప్పట్లమ్మేవాడు తన సరుకే అనుకుని మడతపెట్టబోయాడనీ ఆమె ఇరవై ఏళ్ల నుంచి చెబుతోంది. మొదట చెప్పినప్పుడు ఆ పురుగు చేటంత ఉండేది. ఏటేటా కాస్త కాస్త పెరిగింది. కిందటేడు ఇద్దరు పడుకునే దుప్పటంత అయింది. ఈ ఏడు దానికి ఎర్రంచు కూడా వచ్చింది.

అయితే ఒక్కటి. పురుగు ఎంత పెద్దదో చెప్పడంలో ఆమె ఎంతైనా కోస్తుంది గానీ, అది ఏ పురుగో చెప్పడంలో మాత్రం ఇంతవరకు తప్పలేదు. ఈ రెండూ వేరువేరని ఆమెకు తెలుసు. వాడకట్టులో జనానికి తెలియదు. ఆ ఆషాఢంలో ఆమెకు వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది.

సోమవారం పొద్దున చేట, కత్తెర పట్టుకుని బీడీలు చుట్టడానికి గల్లీలో నేరేడు చెట్టు కిందికి వచ్చేసరికి మొదలుకు మున్సిపాలిటీ కాగితం అంటించి ఉంది. చెట్టు మీద గొంగళి పురుగులు పిల్లలకు దద్దుర్లు తెప్పిస్తున్నాయనీ, నలుగురు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారనీ, గురువారం పొద్దున చెట్టు కొట్టేస్తామనీ అందులో ఉంది. మొదటి సంతకం పక్కింటి రాజారాందే, దద్దుర్లు లేచింది ఆయన మనవరాలికే. నిజాంసాగర్ కాలువ మీద ముప్పై ఏళ్లు లష్కర్‌గా పనిచేసి, తూముల తలుపులు ఎత్తి దించి, చెరుకు తోటలకు నీళ్లు పంచి రిటైరైన మనిషి. ఆయన సంతకం కూడా తూము తలుపులాగే నిటారుగా ఉంటుంది.

ఆ చెట్టు పోతే ఏం పోతుందో తెలియాలంటే బీడీల పని తెలియాలి. అక్కడ కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు ఉమారాణితో కలిపి పదకొండు మంది. అందరివీ రేకుల ఇళ్లే. పన్నెండు గంటలకు రేకు కాలితే తడిపి పెట్టిన తునికాకు అప్పడంలా పెళపెళలాడుతుంది, చుట్టబోతే చిట్లుతుంది. ఫ్యాను వేసుకుందామంటే చేటలో తంబాకు లేచి ఇల్లంతా తిరుగుతుంది. నీడ ఉండాలి, గాలి మెల్లగా రావాలి, కింద నేల చల్లగా ఉండాలి. ఈ మూడూ కలిసిన చోటు ఆ గల్లీలో నేరేడు కింద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ పదకొండు మందికి అది చెట్టు కాదు, కార్ఖానా.

కాగితం చదివి వినిపించింది ఉమారాణే. ఎనిమిదో తరగతి గడప తొక్కలేదు గానీ చదవడం బాగా వచ్చు. బడి మానేయడం గురించి అడిగితే ఆమె లెక్క వేరేగా ఉంటుంది. ఏడో తరగతిలో సారు, రెక్కల పురుగులు రాత్రి మాత్రమే తిరుగుతాయని బోర్డు మీద రాశాడట. నిన్న మిట్టమధ్యాహ్నం మా ఇంటి బంతిపూల మీద ఒకటి తూనీగలా గాల్లో నిలబడి తేనె తాగుతుంటే చూశానని ఈమె లేచి చెప్పిందట. సారు కూర్చోమన్నాడట. ఈమె కూర్చోలేదట, బయటికి వెళ్లిపోయిందట. “బడి నన్ను తీసెయ్యలే, నేనే బడిని తీసేసిన” అంటుంది. ఇందులో ఎంత నిజమో ఆ సారుకే తెలియాలి.

అప్పటి నుంచి ఆమె బడి నేరేడు కిందే. ఒళ్లో చేట పెట్టుకుని రోజంతా చెట్టు కింద కూర్చునేవాళ్లకు పైన ఏముందో తల ఎత్తకుండానే తెలిసిపోతుంది. పురుగు తింటుంది, తిన్నది కింద పడేస్తుంది, ఆ పెంటికలు వచ్చి చేటలో తంబాకు మీద పడతాయి. మిగతావాళ్లు ఊదేసి పని చూసుకుంటారు. ఉమారాణి వేలితో ఎత్తి చూసేది. లవంగం మొగ్గలా నిలువునా ఆరు గాట్లు పడి ఉంటే అది తోక మీద కొమ్మున్న పురుగుది. ఆవగింజలా గుండ్రంగా ఉంటే ఒకదానిది, నలిపిన తంబాకులా పొడిపొడిగా ఉంటే ఇంకొకదానిది. ఆకు అంచున కొరికిన గాటు చూసినా చెబుతుంది. బీడీ ఆకును అచ్చు పెట్టి కత్తిరించే చేతికి, పురుగు ఎట్లా కత్తిరించిందో అర్థం కావడం పెద్ద వింత కాదంటుంది.

పేర్లు ఆమే పెడుతుంది. నేరేడు మీద ఉండే నున్నటి ఆకుపచ్చ పురుగుకు ముందు భాగం ఉబ్బి, వెంట్రుక లేకుండా, నూనె రాసినట్టు మెరుస్తుంది. దాని పేరు బోడగుండు. బీడీల కార్ఖానా మేనేజర్‌ను చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టిందో విడిగా చెప్పనక్కర్లేదు. చేతికి రాసుకున్నా ఏమీ చేయని పురుగు అది. ఒళ్లంతా వెంట్రుకలుండి ముట్టుకుంటే మండించేవన్నీ ఆమె లెక్కలో బొంత పురుగులు. వాటిలో మళ్లీ ఏడు రకాలు, ఏడింటికీ ఏడుగురు చుట్టాల పేర్లు.

కొడుకు ప్రేమ్ నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఫోన్లో ఫొటో తీసి, వెతికి, నోరు తిరగని పేరొకటి చదివి వినిపిస్తే ఆమె సాంతం విని, “గా పేరు పెట్టి పిలిస్తే అది పలుకుతదా?” అని అడిగింది. అయినా వాడు ఊరుకోలేదు. కిందటేడు వానలకు ముందు, తల్లి గీసిన బొమ్మలు తన జంతుశాస్త్రం లెక్చరర్ స్నేహలతకు చూపించాడు. ఆమె తల్లిని తీసుకురమ్మంది. ఉమారాణి టిఫిన్ డబ్బాలో నాలుగు పురుగులు వేసుకుని బస్సెక్కింది. దారిలో ఎడపల్లి దగ్గర కండక్టర్ ఆకలేసి ఆ డబ్బా మూత తీశాడనీ, నిజామాబాద్ దాకా మళ్లీ టికెట్ అడగలేదనీ ఆమె చెబుతుంది. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. తర్వాత జరిగింది మాత్రం ప్రేమ్ కూడా చూశాడు.

లెక్చరర్ ఒక తెల్ల కాగితం మీద ఐదు చిన్న కుప్పలు పెట్టి, ఇవి ఏ పురుగుల పెంటికలో చెప్పమంది. ఉమారాణి నాలుగింటినీ చెప్పింది. ఆముదం ఆకు తినేది, జిల్లేడు మీదిది, నువ్వు చేనిది, కరివేపాకుది. ఐదో కుప్ప దగ్గర ఆగింది, వాసన చూసింది.

“ఇది పురుగుది కాదు మేడం. ఇది మా తంబాకు. గిది గూడ చెప్పిన గద, మా పోరన్ని ఫెయిల్ చేస్తరా, పాస్ చేస్తరా?”

స్నేహలత గట్టిగా నవ్వింది. పంపించేటప్పుడు ఒక్క మాట చెప్పింది. నీకు తెలుసని అనకు, ఏ తేదీన ఎక్కడ ఏం చూశావో రాయి, నచ్చినా నచ్చకపోయినా చూసింది చూసినట్టే రాయి. ఉమారాణి ఇంటికి వచ్చి, అచ్చు తప్పి పక్కన పారేసిన బీడీ కట్టల లేబుళ్లను తిరగేసి, బీడీ దారంతో కుట్టి పుస్తకం చేసింది. ముందువైపు ఎర్రటి లేబుల్ బొమ్మ, వెనకవైపు పురుగు బొమ్మ, తేదీ. నోటితో ఎన్ని కోసినా ఆ పుస్తకంలో ఒక్క కోత కోయలేదు. ఎందుకో ఆమెకే తెలియదు. చేత్తో రాసేటప్పుడు దుప్పటి చిన్నదైపోయేది.

ఆ సోమవారం కాగితం చదివాక శంకరమ్మ తలపట్టుకుంది. ఆ గుంపులో అందరికంటే పెద్దది, నలభై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. డాక్టర్ కూడా పురుగు వెంట్రుకలే అన్నాడంట కదా, ఇంకేం చేస్తాం అంది.

“డాక్టర్ పురుగు అన్నడు. నేరేడు పురుగు అనలే” అంది ఉమారాణి, చెంగు లోపల చెయ్యి పెట్టి నడుము గోక్కుంటూ. పది రోజులుగా ఆమెకూ నడుము దగ్గర దురదగానే ఉంది. తంబాకు పడి ఉంటుందనుకుంది. “బోడగుండుకు ఒంటి మీద వెంట్రుకే లేదవ్వ. లేని వెంట్రుక ఎట్ల గుచ్చుకుంటది? దానికి జమానత్ నేను, పూచీ నాది.”

“నీ జమానత్ ఎవలు నమ్ముతరే? దుప్పటి పురుగు చెప్పిన నోరేనాయె.”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఆ రోజు ఉమారాణి ఎన్నడూ లేనిది రెండు వందల బీడీలు తక్కువ చేసింది.

సాయంత్రం రాజారాం మనవరాలు అంకిత బడి నుంచి వచ్చే వేళకు ఉమారాణి ఎదురు వెళ్లింది. మూడో తరగతి పిల్ల. దద్దుర్లు ఎక్కడెక్కడ లేచాయో చూపించమంటే కాలర్ కింద, చంకల్లో, నడుముకు నాడా బిగిసే చోట చూపించింది. చేతుల మీద లేవు. మొహం మీద లేవు. చెట్టు మీద నుంచి పడే వెంట్రుకలు మొహాన్నీ చేతుల్నీ వదిలేసి, తొవ్వ వెతుక్కుంటూ నాడా కిందికి ఎందుకు పోతాయి? ఎప్పుడు దురద పెడుతుందని అడిగింది. ప్రార్థన అప్పుడు, అంది పిల్ల. రోజూనా అంటే కాదు, సోమవారం, గురువారం బాగా పెడుతుంది. ఆదివారం నేరేడు కింద పొద్దంతా ఆడుకున్నప్పుడు పెట్టలేదు.

సోమవారం, గురువారం. ఉతికిన యూనిఫాం వేసుకునే రోజులు.

మంగళవారం పొద్దున్నే ఉమారాణి దండెం కింద నిలబడింది. ఆ దండెం ఆమె ఇంటి చూరు నుంచి మొదలై, రాజారాం ప్రహరీ గోడ మీదుగా పోయి, ఆయన పెరట్లో మునగ కొమ్మకు కట్టి ఉంటుంది. ఇటు సగం మీద ఉమారాణి, శంకరమ్మ బట్టలు ఆరేస్తారు. అటు సగం మీద రాజారాం భార్య శ్యామలమ్మ ఆరేస్తుంది. గోడ మీద వేలితో రాస్తే పెంటికలు దొరికాయి. మిరియాలంత, ఎండినవి, గుండ్రటివి. నేరేడువి కావు. నేరేడు అటు ఇరవై అడుగుల దూరంలో ఉంది. మునగ కొమ్మకు వేసిన ముడి దగ్గర ఒక కుబుసం చిక్కుకుని ఉంది, పురుగు విడిచిన పాత చర్మం, దాని నిండా బూడిద రంగు వెంట్రుకలు. ఆమె దాన్ని పుల్లతో ఎత్తి అగ్గిపెట్టెలో పెట్టుకుంది.

మునగ మొదలు చూస్తే గానీ లెక్క తేలదు. కానీ ఆ పెరట్లోకి పోవాలంటే రాజారాం వంటింట్లోంచి పోవాలి. తంబాకు వాసన పడదని ఆయన బీడీలు చుట్టే ఆడవాళ్లను గడప దాటనివ్వడు. ఊళ్లో ప్రతి చెట్టు మీది పురుగునూ పేరు పెట్టి పిలిచే ఉమారాణి, పక్కింటి మునగ మొదలును ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది.

బుధవారం రాజారాం పాల కోసం వెళ్లిన సమయం చూసి తలుపు తట్టింది. ఆషాఢంలో మునగాకు తినని ఇల్లు ఉండదు, అడిగితే లేదనే ఇల్లాలూ ఉండదు. శ్యామలమ్మ మంచిది. చేతులు కడుక్కుని రమ్మంది, పెరట్లోకి పంపింది, కోసుకో పో అంది.

ఉమారాణి మునగ మొదలు వెనక్కి వంగి చూసింది. నేలకు రెండడుగుల ఎత్తున, గోడ వైపు, బయటివాళ్ల కంటికి ఆనని చోట, బూడిద రంగు బొంత పురుగులు ఒకదాని మీద ఒకటి పడి పొద్దుటి నిద్ర పోతున్నాయి. నూరుంటాయో, నూటిరవై ఉంటాయో. బెరడు ఎక్కడుందో, పురుగు ఎక్కడుందో తెలియడం లేదు. చీకటి పడితే కొమ్మల్లోకి ఎక్కి ఆకు తిని, తెల్లారేసరికి దిగి ఇక్కడ గుంపు కడతాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముడి దగ్గర కుబుసం విడుస్తాయి. గాలికి ఆ వెంట్రుకలు తడి బట్టల మీద పడి అతుక్కుంటాయి. బట్ట ఆరుతుంది, వెంట్రుక రాలదు.

మునగాకు కొయ్యకుండానే ఇంటికి పరుగెత్తింది. గెలిచేసింది. రేపు అందరి ముందూ ఏమనాలో ఇల్లు చేరేలోపే కూర్చుకుంది. దొంగ నీ పెరట్ల ఉంటే మా చెట్టుకు ఉరి వేస్తవా కాక, అని మొదలుపెడదామనుకుంది. చుట్టం కాకపోయినా ఆయన్ను బాబాయి వరుసలో కాక అనే పిలుస్తుంది. ఈ పురుగు మునగ మీదికి ఎప్పుడొచ్చిందో ఏమైనా రాసి ఉందేమోనని లేబుళ్ల పుస్తకం తిప్పింది. జూన్ ఇరవై ఆరున ఒక వాక్యం ఉంది. గోడ మీద మిరియం లాంటి పెంటికలు, ఎక్కడివో చూడాలి. చూడలేదు. అది ఒక తప్పు. సరే అనుకుని ఇంకో పేజీ వెనక్కి తిప్పింది.

జూన్ తొమ్మిది. తన చేతిరాతే, తన స్పెల్లింగే. “నేరేడు పండ్లు రాలుడు మొదలైంది. బట్టలకు మరకలు. దండెం నేరేడుకు విప్పి మునగకు కట్టిన.”

ఉమారాణి ఆ వాక్యం మళ్లీ చదివింది. నిజమే. పోయిన ఏడు దాకా దండెం నేరేడుకే ఉండేది. ఏటా పండ్లు రాలే నెలలో తెల్ల బట్టలకు ఊదా మరకలు పడుతున్నాయని అందరూ తిట్టుకుంటూ ఊరుకునేవాళ్లు. ఈ ఏడు తానే స్టూలెక్కి, గోడ అవతల శ్యామలమ్మను పిలిచి, కొమ్మ వంచి, తన చేత్తో ముడి వేసింది. ఎంత తెలివైన పని చేశానో అని వారం రోజులు చెప్పుకుంది కూడా.

సాయంత్రం శంకరమ్మకు చెప్పింది. శంకరమ్మ, ఆ తేదీ సంగతి ఎత్తకు అంది. పురుగులు రాజారాం పెరట్లో ఉన్నాయి, అది చాలు. దండెం ఎవరు కట్టారో ఎవరికి గుర్తుంటుంది? నీ పుస్తకం నువ్వు తప్ప ఎవరూ చదవరు. ఉమారాణి పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంది. నడుము గోక్కోబోయి, ఇప్పుడు కారణం తెలిసినందుకు చెయ్యి వెనక్కి తీసుకుంది.

గురువారం ఎనిమిదింటికి వార్డు ఆఫీసర్ భానుప్రసాద్ వచ్చాడు. వెనక ట్రాలీలో కోత మిషను, ఇద్దరు మనుషులు, మోకులు. పదకొండు మంది ఆడవాళ్లు అప్పటికే చేటలు ఒళ్లో పెట్టుకుని మొదలు చుట్టూ కూర్చుని ఉన్నారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. బీడీలు చుడుతున్నారు. లేవండమ్మా అంటే, ఈ కట్ట అయిపోనీ అని ఒకరు, దారం తెగిందని ఒకరు, కాలు తిమ్మిరెక్కిందని ఒకరు. ఒక గంట అట్లాగే గడిచింది. మిషను మనిషి కూడా వచ్చి నీడలోనే కూర్చున్నాడు.

రాజారాం ఇంట్లోంచి అంకితను చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. పిల్ల మెడ మీద దద్దుర్లు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆయన కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు.

“మీ నీడ ముఖ్యమా, నా పిల్ల ఒళ్లు ముఖ్యమా? వారం నుంచి నిద్ర పోతలేదు పిల్ల.”

ఉమారాణి లేచి నిలబడింది. నేరేడు కొమ్మ వంచి, ఆకు కింద నుంచి రెండు బోడగుండ్లను తీసి, మోచేయి లోపలి మెత్తటి చోట పెట్టుకుంది. అవి తలలు ఉబ్బించి మెల్లగా నడవసాగాయి.

“అర్ధగంట ఉంచుకుంట సార్. ఒక్క దద్దు లేస్తే మిషను నేనే పట్టుకుంట. మీరు కూడ ఒకటి పెట్టుకోండ్రి, మా కార్ఖానా మేనేజర్ గుండు లెక్కనే ఉంటది, నున్నగ.”

మిషను మనిషి నవ్వాపుకున్నాడు. భానుప్రసాద్ పెట్టుకోలేదు, గడియారం మాత్రం చూసుకున్నాడు. అర్ధగంట గడిచింది. ఆమె చెయ్యి చెయ్యిలాగే ఉంది. అప్పుడామె యూనిఫాం రోజుల సంగతి చెప్పింది, నాడా కింద దద్దుర్ల సంగతి చెప్పింది, అగ్గిపెట్టె తెరిచి కుబుసం చూపించింది. రాజారాంను, మీ పెరట్లో మునగ మొదలు వెనక చూసి రమ్మంది. రాజారాం కదల్లేదు.

“నీ మాట మీద నేను మునగ కాడికి పోవాల్నా? దుప్పటి పురుగు మాట చెప్పిన నీ మాట మీద?”

చుట్టూ నవ్వారు. ఆమె మనుషులు కూడా నవ్వారు. ఉమారాణి లేబుళ్ల పుస్తకం తీసింది.

“నా నోటిని నమ్మకుండ్రి కాక. నేను కూడ నమ్మ. ఇది వినుండ్రి.”

తేదీలు చదవసాగింది. ఏప్రిల్‌లో నేరేడు మీద ఏముంది, మే నెలలో ఏముంది, కిందటేడు ఆషాఢంలో ఇదే చెట్టు మీద ఇవే బోడగుండ్లు ఎన్ని లెక్కపెట్టింది, ఆ ఏడు ఎవరికీ దద్దుర్లు లేవు. భానుప్రసాద్ చేతులు కట్టుకుని వింటున్నాడు. జూన్ ఎనిమిది చదివింది. పేజీ తిప్పింది. శంకరమ్మ చేటలోంచి తల ఎత్తి కళ్లతోనే వద్దంది. ఆ తర్వాతి పేజీ జూన్ ఇరవై ఆరు. రెండు లేబుళ్లు కలిపి తిప్పితే సరిపోయేది.

“జూన్ తొమ్మిది” అంది ఉమారాణి, గొంతు కొంచెం పెద్దది చేసి. “నేరేడు పండ్లు రాలుడు మొదలైంది. బట్టలకు మరకలు. దండెం నేరేడుకు విప్పి మునగకు కట్టిన.”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమె జూన్ ఇరవై ఆరు కూడా చదివి పుస్తకం మూసింది. అప్పుడు రాజారాం మొహం మారింది. మనవరాలి మెడ వైపు చూశాడు, దండెం వైపు చూశాడు.

“అంటే మా పిల్లకు ఇది నువ్వు చేసిన పనేనా?”

“నేను చేసిన పనే. కొమ్మ వంచింది నేను, ముడి వేసింది నేను. పురుగు నీది, తెలివి నాది, చెట్టుది ఏం లేదు కాక.” చేటలోంచి బీడీ ఆకు కత్తిరించే కత్తెర తీసి ఆయన ముందు పట్టింది. “కొయ్యాలంటే దండెం కొయ్యి. ఇంకా కోపం తీరకుంటే నా జెడ కొయ్యి. నేరేడు మీద చెయ్యి పడితే మాత్రం నేను లేవ. పదకొండు మందిమి లేవం. మిషను మా మీదికెల్లి పోవాలె.”

రాజారాం కత్తెర తీసుకోలేదు. ఇంట్లోకి వెళ్లాడు. పెరటి వైపు నుంచి శ్యామలమ్మ గొంతు వినిపించింది, ఓ అవ్వో అని. ఆయన బయటికి వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. ముప్పై ఏళ్లు కాలువ గట్టు మీద పాములను చూసిన మనిషి, ఆ మునగ మొదలు చూసి పంచెకు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. వచ్చి ఉమారాణి చేతిలో కత్తెర తీసుకుని, గోడ దగ్గరికి పోయి, దండెం కోసేశాడు. మూడిళ్ల బట్టలు ఒక్కసారి నేల మీద పడ్డాయి.

భానుప్రసాద్ అంత తేలిగ్గా వదల్లేదు. అర్జీ అర్జీయే, వెనక్కి తీసుకున్నట్టు రాసివ్వాలన్నాడు. రాజారాం ఇప్పుడే రాసివ్వను అన్నాడు. వారం చూస్తాను, బట్టలన్నీ మళ్లీ ఉతికించి ఇంకోచోట ఆరేయిస్తాను, దద్దుర్లు తగ్గకపోతే చెట్టు కొట్టాల్సిందే అన్నాడు. ఉమారాణి వారమెందుకు, నాలుగు రోజులు చాలు అంది. నీ నాలుగు రోజులు ఎవరికి కావాలి, వారమే అన్నాడాయన. ఆ రోజుకు మిషను ట్రాలీ ఎక్కింది.

మునగను కూడా కొట్టేస్తానని రాజారాం బయల్దేరితే అడ్డం పడింది కూడా ఉమారాణే. అవి పగలంతా కదలకుండా ఒక్కచోటే పడుకుంటాయి, తడి గోనెసంచి చేతికి చుట్టుకుని పైనుంచి కిందికి ఒక్క గీకు గీకితే సబ్బు నీళ్ల బకెట్లో పడతాయి, దానికి చెట్టెందుకు కొట్టాలి అంది. గీకింది కూడా ఆమే. గడప దాటి, వంటింట్లోంచి, తంబాకు చేతులతోనే పోయింది. ఆ రోజు వాసన సంగతి ఎవరూ ఎత్తలేదు. బకెట్లో పడకుండా ఒక్కదాన్ని మాత్రం పుల్లతో తీసి మట్టి వేసిన గాజు సీసాలో ఉంచుకుంది.

ఆ వారం ఆమె చేసిన బీడీలన్నీ కొంచెం వదులుగా వచ్చాయని శంకరమ్మ తర్వాత చెప్పింది. సోమవారం అంకిత ఉతికిన యూనిఫాం వేసుకుని బడికి పోయింది. గల్లీ మొత్తం ఆ పిల్ల వచ్చేదాకా చూసింది. పిల్ల వచ్చి, ఏమైంది, అందరూ నన్నే చూస్తున్నారెందుకు అని అడిగింది. గోక్కోలేదు. గురువారం కూడా గోక్కోలేదు. రాజారాం కాగితం రాసి తానే మున్సిపాలిటీకి పట్టుకుపోయాడు. సంతకం మళ్లీ తూము తలుపులాగే నిటారుగా ఉంది. ఉమారాణి నడుము దురద కూడా తగ్గింది గానీ ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

కథ మాత్రం ఊరుకోలేదు. దసరా నాటికి మిషన్లు మూడయ్యాయి. ఆఫీసర్ చేతి మీద బోడగుండును పెట్టించుకుని మురిసిపోయాడు. సంక్రాంతి దాటేసరికి మునగ మీద పురుగులు పదివేలై, రాత్రిపూట అవి ఆకు తింటుంటే బోధన్ బస్టాండ్ దాకా చప్పుడు వినిపించిందట. దండెం ఎవరు కట్టారన్న చోట మాత్రం కథ మారలేదు. నేనే కట్టిన, అంటుంది ప్రతిసారీ, అదేదో తాను గెలుచుకొచ్చిన పతకమైనట్టు. రాజారాం అక్కడుంటే ఇంకొంచెం గట్టిగా అంటుంది.

సీసాలో పెట్టిన పురుగు నాలుగు వారాలు మునగాకు తిని, తర్వాత మట్టిలోకి దిగిపోయింది. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. ప్రేమ్ అది చచ్చిపోయి ఉంటుందన్నాడు. ఉమారాణి సీసాను మంచం కింద నుంచి జరపనివ్వలేదు. మృగశిర వచ్చి, మొదటి వానలు పడి, నేరేడు పండ్లు మళ్లీ రాలడం మొదలైంది. ఈ ఏడు దండెం నేరేడుకే ఉంది. రాజారాం తెల్ల పంచె మీద అరచేయంత ఊదా మరక పడింది. ఆయన దాన్ని మడతలోకి దాచి కట్టుకుని వీధిలోకి వచ్చాడు. ఉమారాణి చూసి అంది, మరక మంచిగ కుదిరింది కాక, అంచు లెక్కనే ఉంది అని.

ఆ రోజు పొద్దున సీసా మూతకు కట్టిన గుడ్డ కింద ఒక పెద్ద రెక్కల పురుగు వేలాడుతూ ఉంది. లేత పసుపు కలిసిన గోధుమ రంగు, ఒళ్లంతా మెత్తటి నూగు. అంకిత, రాజారాం, శంకరమ్మ, అందరూ చుట్టూ చేరారు. దాని పేరేంటని అంకిత అడిగింది. ఉమారాణి ఆ పిల్ల తాతను ఒకసారి, పురుగును ఒకసారి చూసి పేరు పెట్టేసింది. ఆయన గొంతులో ఏదో అన్నాడు గానీ వద్దనలేదు. గుడ్డ విప్పితే అది గోడ మీదుగా ఎగిరి నేరేడు ఆకుల్లోకి పోయింది.

ఎంత పెద్దగున్నదో చూసిండ్రా, రేపు ఊరంతా చెప్త, అంది ఉమారాణి. తర్వాత చేట పక్కన పెట్టి, లేబుళ్ల పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పి రాసుకుంది.

“జూన్ పదకొండు. రాజారాం రెక్కలొచ్చి బయటికొచ్చిండు. బెత్తెడు ఉన్నడు. దుప్పటంత కాదు.”